నీటిబొట్టులో సృష్టికర్త పని చూచిన బట్టల వర్తకుడు

చదువవలసిన వాక్యభాగములు: కీర్తనలు 139:13–18, లూకా 16:10–12, 1 కొరింథీయులకు 12:14–26



చెరువులో కడవ ముంచినప్పుడు నీళ్లు తేటగా ఉన్నయెడల వాటిలో ఏమియు లేదనుకొందుము. నలుసు కనబడినయెడల గుడ్డతో వడకట్టుదుము. కంటికి కనబడనిది లేనట్లే యని మన తలంపు. లోకములోని గొప్ప పండితులు సైతము బహుకాలము అట్లే తలంచిరి. అట్లు కాదనియు, ఒక్క నీటిబొట్టులో ఒక పెద్ద ఊరి జనమువలె లెక్కలేని జీవులు తిరుగుచున్నవనియు చూచి లోకమునకు తెలియజేసినవాడు పండితుడు కాడు, కళాశాల మెట్లు ఎక్కినవాడు కాడు. అతడు ఒక బట్టల వర్తకుడు. అతని పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. కొంచెములో నమ్మకముగా ఉండువానికి దేవుడు ఎంత గొప్ప సంగతులు చూపునో ఇతని జీవితమునుండి నేర్చుకొనవచ్చును. తనకు చూపబడిన దానిని మనుష్యుడు తనయొద్దనే దాచుకొనినయెడల ఏమి నష్టము కలుగునో అదియు ఇతని జీవితమునుండియే నేర్చుకొనవచ్చును.

తండ్రి లేని బాలుడు

ఇతడు 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన హాలెండు దేశమందలి డెల్ఫ్టు పట్టణములో పుట్టెను. హాలెండువారు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. వారు 1605లో మచిలీపట్నమునకు వచ్చి, తరువాత అచ్చట కోఠీ కట్టుకొని, మన నేతగాండ్రు నేసిన బట్టలను ఓడలమీద తీసికొనిపోయిరి. మన పెద్దలు వారిని వలందావారని పిలిచిరి. బందరులో వలందపాలెము అను పేట పేరులో ఆ జ్ఞాపకము నిలిచియున్నది.

ఆంటోనీ తండ్రి గంపలు అల్లి జీవించువాడు. తల్లిదండ్రులు ఆ దేశపు ప్రొటెస్టెంటు సంఘమునకు చెందినవారు. బిడ్డకు పది దినములు దాటగానే దేవాలయమునకు తీసికొనిపోయి బాప్తిస్మము ఇప్పించిరి. బాలునికి అయిదేండ్ల ప్రాయమందు తండ్రి మరణించెను. తల్లి మరల వివాహము చేసికొనెను. బాలుడు కొంతకాలము పొరుగూరి పాఠశాలలోను, కొంతకాలము బంధువుల ఇంటను పెరిగెను. ఆ కాలమున విద్వాంసుల భాషయైన లాటిను అతడు నేర్చుకొనలేదు. జీవితాంతము తన తల్లిభాషయైన డచ్చి తప్ప మరియొక భాష ఎరుగడు.

పదునారవ యేట అతనిని ఆమ్‌స్టర్‌డాము పట్టణములో ఒక బట్టల వర్తకునియొద్ద పని నేర్చుకొనుటకు పెట్టిరి. నేత నాణ్యము చూచుటకు పోగులు లెక్కపెట్టు భూతద్దము ఆ వ్యాపారములో వాడుకలో ఉండెను. చీర అంచును వేళ్లతో తడవి, వెలుతురుకు పట్టి చూచు మన నేతపనివారికి ఆ అలవాటు తెలిసినదే. ఒక్క పోగు తప్పినను కనిపెట్టు కన్ను, తొందరపడని చేయి అతనికి ఆ దుకాణములో అలవడినవి.

దుకాణము, దుఃఖము

1654లో అతడు డెల్ఫ్టునకు తిరిగి వచ్చి, బార్బరా అను కన్యకను వివాహమాడి, ఒక ఇల్లు కొని బట్టల దుకాణము పెట్టెను. 1660లో పట్టణపు న్యాయాధికారుల సభాగదిని కనిపెట్టుకొని యుండు ఉద్యోగము దొరకెను. ఆ గది తెరచుట, మూయుట, శుభ్రముగా ఉంచుట, చలికాలమున నిప్పు రాజవేయించుట, ఇవి దాని బాధ్యతలు. ఈ పనిని అతడు చిన్నదని విడువక బహుకాలము జరిగించెను. తరువాత పొలముల కొలతలు వేయు పరీక్షలో తేరెను. మరికొంత కాలమునకు ద్రాక్షారసపు పీపాలు కొలుచు పని కూడ అతనికి అప్పగింపబడెను. కొలతలో నమ్మదగినవాడని పట్టణమంతయు ఎరుగును.

అయితే ఆ ఇంటికి దుఃఖము తప్పలేదు. పుట్టిన అయిదుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే పోయిరి. మరియ అను కుమార్తె మాత్రము మిగిలెను. 1666లో బార్బరాయు మరణించెను. కొన్ని యేండ్లకు అతడు ఒక సంఘకాపరి కుమార్తెను వివాహమాడెను. బిడ్డలను మట్టిలో పెట్టి వచ్చిన తల్లిదండ్రులు మన సంఘములలోను కలరు. ఇట్టి దుఃఖముపాలైన మనుష్యుడు దేవునిమీద సణుగుచు కూర్చుండవచ్చును. ఇతడు తన పని మానలేదు, దేవుని విడువలేదు. దుకాణము మూసిన తరువాత గాజుముక్కలను అరగదీయుచు, దేవుని చేతిపనులను దగ్గరగా చూచుట ఆరంభించెను.

గది ఒకడు చూచెను, కాపురస్థులను మరియొకడు చూచెను

ఆ దినములలో లండను నగరమందు రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు ఉండెను. అతడు సీసా మూతికి పెట్టు బెండును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, తేనెపట్టు గదులవంటి చిన్నచిన్న గదులు కనబడెను. సన్యాసుల మఠములోని చిన్న గదికి ఉన్న పేరునే అతడు వాటికి పెట్టి, 1665లో తన పుస్తకములో ప్రకటించెను. నేడు మన బిడ్డలు పాఠశాలలో కణము అని చదువుకొనునది దానినే. అయితే హుక్ చూచిన బెండు ఎండిపోయిన చెట్టు బెరడు. అతడు చూచినవి గోడలు మాత్రమే. లోపల ప్రాణము లేదు. ఇల్లు కనబడెను గాని ఇంటివారు కనబడలేదు. ఆ ఇంటివారిని చూచు భాగ్యము డెల్ఫ్టు వర్తకునికి కలిగెను.

అతని సూక్ష్మదర్శిని పెద్ద యంత్రము కాదు. అరచేతిలో ఇమిడిపోవు చిన్న లోహపు రేకు. దానిలో ఆవగింజంత గాజు కటకము. దాని యెదుట వస్తువును గుచ్చి నిలుపుటకు ఒక సూదిమొన. దానిని జరుపుటకు మరలు. అంతే. దానిని కంటికి ఆనించి వెలుతురు వైపు పట్టి చూడవలెను. ఆ కటకములలో శ్రేష్ఠమైనవి వస్తువును 200 రెట్లకు మించి పెద్దదిగా చూపెను. ఇట్టి కటకములను అతడు తన చేతులతోనే సుమారు 500 చేసెను. బజారులో దొరకునవి కావు; అడిగి తెచ్చుకొన్నవి కావు.

1673లో డెల్ఫ్టు వైద్యుడొకడు ఇతనినిగూర్చి లండనులోని రాయల్ సొసైటీ అను పండితసభకు తెలియజేసెను. అప్పటినుండి సుమారు 50 ఏండ్లు ఇతడు చూచినది చూచినట్లు డచ్చి భాషలో ఉత్తరములు వ్రాసి పంపుచుండెను. ఆ సభవారు భాషాంతరము చేయించి అచ్చు వేయించుచుండిరి.

1674లో ఊరి దగ్గరి ఒక మడుగు నీటిని సీసాలో తెచ్చి చూచెను. ఎండకాలమున ఆ నీరు పచ్చగా మారును; అది మంచువలన కలుగునని అచ్చటి రైతులు చెప్పుకొనుచుండిరి. చూడగా, మన చెరువులలో పట్టు పాచివంటి పచ్చని పోగులు మెలికలు తిరిగి కనబడెను. వాటి మధ్య చిన్నచిన్న జీవులు అటునిటు పరుగెత్తుచుండెను. ఆ యేటనే తన రక్తమును చూచి, అది వట్టి ఎఱ్ఱని నీరు కాదనియు, తేట ద్రవములో తేలుచున్న ఎఱ్ఱని కణములతో నిండియున్నదనియు వ్రాసెను.

1676లో మరింత ఆశ్చర్యమైన సంగతి జరిగెను. మిరియము నాలుకకు కారముగా ఉండుటకు కారణమేమో కనుగొనవలెనని మిరియములను నీటిలో మూడు వారములు నానబెట్టి ఆ నీటిని చూచెను. కారణము కనబడలేదు గాని, వేలకొలది జీవులు కనబడెను. వాటిలో కొన్ని ఎంత చిన్నవనగా, నూరింటిని వరుసగా పేర్చినను ఒక ముతక ఇసుకరేణువు పొడవు కానేరవని అతడు లెక్క కట్టెను. నేడు మనము బాక్టీరియా అని పిలుచునవి అవియే.

సాక్షులు నిలిచిరి

లండను పండితులు వెంటనే నమ్మలేదు. చదువులేని వర్తకుడు ఏదో కలగనెనని కొందరు తలంచిరి. ఇతడు కోపపడలేదు, మాట మార్చుకొనలేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపరచవలెనన్న వాక్యపు క్రమమును ఎరిగినవానివలె, 1677లో ఎనిమిదిమంది పెద్దమనుష్యులను పిలిచి, ఆ నీటిని వారి కన్నులతోనే చూపి, వారు వ్రాసి యిచ్చిన సాక్ష్యములను లండనునకు పంపెను. వారిలో సంఘకాపరులు కూడ ఉండిరి. ఆ యేటి నవంబరులో హుక్ తానే మిరియపు నీటిని సిద్ధపరచి సభలో చూపగా పండితులందరు చూచి నమ్మిరి. 1680లో ఆ సభవారు ఈ బట్టల వర్తకుని తమ సభ్యునిగా ఎన్నుకొనిరి.

1683లో తన పండ్ల సందులలోని పాచిని చూడగా దానిలోను జీవులు తిరుగుచుండెను. ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొను తన నోటిలోనే ఇన్ని ఉన్నప్పుడు, ఎన్నడును తోముకొననివాని నోటిలో ఎన్ని ఉండునో యని అట్టి ముసలివాని పాచిని కూడ చూచెను. వేడి కాఫీ త్రాగిన తరువాత తన ముందరి పండ్లమీది జీవులు కదలక పడియుండుట కూడ అతడు గమనించెను. వేడి వాటిని చంపుచున్నదని అతనికి తోచెను.

ఇంకొక సంగతి మన రైతులకు దగ్గరది. గాదెలోని ధాన్యమునకు ముక్కుపురుగు పట్టినప్పుడు, ఆ పురుగు ధాన్యమునుండియే దానంతట అది పుట్టుచున్నదని ఆ కాలపువారు నమ్మిరి. ఈగ కుళ్లునుండియు, మిన్నల్లి దుమ్మునుండియు పుట్టునని చెప్పుకొనిరి. ఇతడు ముక్కుపురుగును, మిన్నల్లిని ఓపికగా పెంచి, గ్రుడ్డు పెట్టుట, పిల్ల పొదుగబడుట, అది ఎదుగుట అంతయు చూచి, ప్రతి పురుగు తనవంటి పురుగునుండియే పుట్టుచున్నదని రూఢిపరచెను. సృష్టి దినములలో దేవుడు ప్రతిదానిని దాని దాని జాతి ప్రకారము కలుగజేసెనని నమ్మినవానికి ఇది విరుద్ధముగా తోచలేదు, సంతోషముగా తోచెను. తరువాత 1838లో స్లైడెన్ చెట్లన్నియు కణములతోనే కట్టబడినవని చెప్పెను. 1839లో ష్వాన్ జంతువులును అట్టివేయని చెప్పెను. 1855లో విర్కో ప్రతి కణము మరియొక కణమునుండియే పుట్టునని ప్రకటించెను. గాదెలోని ముక్కుపురుగునుగూర్చి వర్తకుడు చెప్పిన మాట కణము విషయములోను నిజమని తేలెను.

1688లో కప్పపిల్ల తోకలో, వెండ్రుకకంటె సన్నని నాళములలో రక్తకణములు ఒకదాని వెనుక ఒకటి ప్రవహించుట అతడు చూచెను. 1698లో రష్యా చక్రవర్తి పీటరు డెల్ఫ్టు కాలువలోనికి పడవమీద వచ్చి, మలుగుచేప తోకలో ఆ రక్తప్రవాహమును చూచి సంతోషించెను. రాజులకు కనబడని దానిని వర్తకుడు చూపెను.

ఒక్క కణములోని కాపురము

అతడు చూచిన ఆ ఎఱ్ఱని కణమునుగూర్చి నేడు మనకు ఎంతో తెలియును. మన దేహములో సుమారు 30 లక్షల కోట్ల కణములు గలవని నేటి శాస్త్రజ్ఞుల అంచనా. ఒక్కొక్క కణము ఒక్కొక్క ఇల్లువంటిది. దాని చుట్టు పలుచని పొర గలదు. అది గోడయే గాక వాకిటి కావలివాడు కూడ. రావలసినదానిని రానిచ్చును, పోవలసినదానిని పంపివేయును. లోపల కేంద్రకము గలదు. ఇంటి పెద్ద పెట్టెలోని దస్తావేజులవలె, ఆ మనుష్యుని రూపురేఖల వివరమంతయు దానిలో సన్నని పోగుగా చుట్టబడియున్నది. ఒక్క కణములోని ఆ పోగును చాచినయెడల సుమారు 2 మీటర్ల పొడవుండును. మైటోకాండ్రియా అనునవి వంటింటి పొయ్యివంటివి. మనము తిన్న అన్నమునుండి వచ్చిన చక్కెరను, పీల్చిన ప్రాణవాయువును కూర్చి, కణము పనిచేయుటకు బలము పుట్టించును. రైబోజోములు అను పనివారు కేంద్రకమునుండి వచ్చిన ఆజ్ఞ ప్రకారము మాంసకృత్తులను అల్లుచుందురు. పాతబడినదానిని విరుగగొట్టి, పనికివచ్చు ముక్కలను మరల వాడుటకు వేరొక ఏర్పాటు గలదు. తల్లి గర్భములో మనము ఒక్క కణముగా ఆరంభమై, అది రెండై, రెండు నాలుగై, ఈ కట్టడమంతయు లేచినది. దావీదు ఇవేవియు చూడకయే తన నిర్మాణమును తలంచి ఆశ్చర్యముతో దేవుని స్తుతించెను. చూచిన మనము ఇంకెంత స్తుతింపవలెను!

ఎఱ్ఱకణము పని వేరు. అది ఊపిరితిత్తులయొద్ద ప్రాణవాయువును ఎత్తుకొని దేహమంతట మోసికొనిపోవును. దాని వెడల్పు మిల్లీమీటరులో వెయ్యింట ఏడెనిమిది వంతులు మాత్రమే. మనుష్యుని ఎఱ్ఱకణము ఎదుగునప్పుడు తన కేంద్రకమును తానే విడిచివేయును. అందువలన ఇతరుల ప్రాణవాయువును మోయుటకు దానిలో ఎక్కువ చోటు కలుగును. కేంద్రకము లేనందున అది మరల రెండుగా చీలి సంతతి కనజాలదు. సుమారు 120 దినములు అలుపులేక తిరిగి అంతరించును. దాని స్థానమును నింపుటకు ఎముకలలోని మూలుగులో ప్రతి క్షణము 20 లక్షలకు పైగా క్రొత్త కణములు పుట్టుచున్నవి. తన్నుతాను రిక్తునిగా చేసికొని ఇతరులకొరకు మోయువాడు ఎవడో మనము ఎరుగుదుము. ఆయన గురుతు మన రక్తములోని ప్రతి కణమునందును ఉన్నట్లు నాకు తోచుచున్నది.

పౌలు సంఘమును దేహముతో పోల్చెను. కన్ను చేతిని అక్కరలేదనజాలదు. కణము విషయములోను అట్లే. నరములోని కణము ఆలోచన మోయుచున్నదని అతిశయింపదు. అరికాలిలోని కణము నేలను త్రొక్కుచున్నదని అలుగదు. ఒక కణము మాత్రము తక్కినవాటిని లక్ష్యపెట్టక తానే పెరుగగోరినయెడల, అది పుట్టకురుపు అను వ్యాధియగును. ఇట్టి సభ్యుడు ఒకడు లేచిన సంఘమునకు కలుగు బాధను మనము చూచియున్నాము.

కుంచము క్రింది దీపము

ఇంతవరకు ఇతని నమ్మకత్వమును చెప్పితిని. లోపమును దాచుట న్యాయము కాదు. పరిశుద్ధ గ్రంథము దావీదు లోపమును గాని పేతురు లోపమును గాని దాచలేదు.

లీవెన్‌హుక్ తన శ్రేష్ఠమైన కటకములను ఎవరికిని ఇయ్యలేదు. చూడవచ్చినవారికి మామూలు వాటిని చూపి, మంచివాటిని తనకొరకే ఉంచుకొనెను. అతిసూక్ష్మమైనవాటిని ఎట్లు చూచుచుండెనో ఆ పద్ధతిని ఎవరికిని చెప్పలేదు. యౌవనస్థులకు ఈ విద్య నేర్పుమని లైబ్నిజ్ అను జర్మనీ విద్వాంసుడు వ్రాసినను ఒప్పుకొనలేదు. శిష్యుడు ఒక్కడును లేడు. 2021లో హాలెండు శాస్త్రజ్ఞులు అతని సూక్ష్మదర్శినిని విప్పకుండగనే న్యూట్రాను కిరణములతో లోపలి కటకమును పరీక్షించిరి. అది గాజును కరిగించి చేసిన చిన్న గుండు అని తేలెను. అట్టి గుండ్లు చేయు విధమును హుక్ అంతకుముందే పుస్తకములో వ్రాసి అందరికి ప్రకటించియుండెను. అంత శ్రద్ధగా దాచుకొన్న దానిలో సగము బహిరంగముగా ఉన్నదే!

అతని తరువాత బహుకాలము అతడు చూచినంత సూక్ష్మముగా చూడగలవారు అరుదైరి. ఆ జీవులలో కొన్ని రోగకారణములని రూఢియగుటకు సుమారు 200 ఏండ్లు పట్టెను. ఆలస్యమునకు కారణములు అనేకము. నేరమంతయు ఒక్కనిమీద మోపరాదు. అయినను మిరియపు నీటిలో వాటిని చూచినవాడు, వేడికి అవి చచ్చుట గమనించినవాడు, ఆ విద్యను పదిమందికి నేర్పియుండినయెడల, వారిలో ఒకడైనను త్రాగు నీటిని కాచవలెనని ముందుగా గ్రహించియుండవచ్చును గదా! కోఖ్ అను జర్మనీ వైద్యుడు కలకత్తాకు వచ్చి 1884లో చెరువు నీటిలో కలరా పురుగును చూపువరకు, మన దేశములో ఎన్ని ఇండ్లు ఆ వ్యాధిచేత ఖాళీ అయినవో! నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రియే, తెలియక, ఇతర తండ్రులకు ఉపయోగపడదగిన దీపమును కుంచము క్రింద ఉంచెను. ఇది వ్రాయుటకు నాకు బాధగా ఉన్నది. కాని వ్రాయక మానరాదు.

చివరి దినములు

అతడు తొంబదియవ యేట కూడ చూచుట మానలేదు. తన ఛాతీ క్రింద కలిగిన ఒక వింత అదురుపాటును తానే గమనించి దానినిగూర్చి సభకు వ్రాసెను. మరణశయ్యమీద ఉండియు తన చివరి ఉత్తరములను లాటినులోనికి మార్పించి పంపుమని స్నేహితుని కోరెను. 1723వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన ప్రభువునందు నిద్రించెను. డెల్ఫ్టునందలి పాత దేవాలయములో అతనిని సమాధి చేసిరి. చివరివరకు తండ్రికి ఉపచారము చేసిన మరియ, అతని కోరిక ప్రకారము 26 సూక్ష్మదర్శినులు గల పెట్టెను లండను సభకు పంపెను. బ్రదుకంతయు దాచుకొన్నవాడు చివరకు కొంతైనను ఇచ్చివేసెను. ఆ పెట్టె తరువాతి కాలమున కనబడకపోయెను. అతడు వ్రాసిన ఉత్తరములు మాత్రము నిలిచినవి. దాచినది పోయెను, పంచినది నిలిచెను.

ప్రియులారా, మనలో అనేకులకు అప్పగింపబడినవి చిన్న పనులే. దేవాలయము ఊడ్చుట, గంట కొట్టుట, ఆదివారపు బడిలో పదిమంది పిల్లలను కూర్చుండబెట్టుట. సభాగది తాళపుచెవి పట్టుకొన్నవానికే దేవుడు నీటిబొట్టులోని లోకమును తెరచి చూపెను. గనుక చిన్న పనిని చులకన చేయవద్దు. మీకు తెలిసిన మంచి సంగతి ఏదైనను ఉన్నయెడల, అది వైద్యము గాని, వ్యవసాయము గాని, పాట గాని, వాక్యజ్ఞానము గాని, మీతో సమాధికి తీసికొనిపోవద్దు. ఒక చిన్నవానిని పిలిచి నేర్పుడి. బిడ్డలకు త్రాగు నీరు కాచి ఇయ్యుడి. అన్నము ముట్టకముందు చేతులు సబ్బుతో కడుగుకొనుడి. కనబడనివి లేనివి కావు. ఈ మాట నీటిలోని జీవులనుగూర్చి నిజమైనట్లే, మన ప్రతి కణమును ఎరిగిన దేవునిగూర్చియు నిజము.

ప్రార్థన

మమ్మును రహస్యమందు నిర్మించిన తండ్రీ, నీవు కంటికి కనబడనంత చిన్నదానియందును నమ్మకముగా పని చేయుచున్నావు. మాకు అప్పగించిన కొంచెములో మమ్మును నమ్మకమైనవారినిగా చేయుము. నీవు చూపిన వెలుగును దాచుకొనని మనస్సు దయచేయుము. మా బిడ్డలను రోగమునుండి కాపాడుము. బిడ్డలను పోగొట్టుకొన్నవారిని ఓదార్చుము. మా కొరకు రిక్తుడైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.